నాలుక కింద చుక్క, పిడికిట్లో తాళంచెవి

బనగానపల్లె నుంచి వచ్చిన ఉదయం బస్సు నంద్యాలలో ఆగింది. అందరూ దిగారు, ఒక్క యోబు తప్ప. కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి అలాగే కూర్చున్నాడు. కండక్టర్ భుజం తట్టాడు. రెండోసారి తట్టేసరికి అర్థమైంది, ఈ ప్రయాణికుడు టికెట్ లేని స్టేజీలో ముందే దిగిపోయాడని. జేబులో వేలెడంత సీసా, దానికో డ్రాపర్. నాలుక కింద పుదీనా వాసన.

యోబు డిపార్ట్‌మెంట్ మనిషి.

మర్నాడు ఉదయం నంద్యాలలో ఒక విత్తనాల కొట్టు ముందు ఏజెంట్ యెషయా నిలబడి, పాత శనగ విత్తనం ఉందా అని అడిగాడు.

"పాతది మొలకెత్తదు," అన్నాడు కొట్టువాడు.

"మొలకెత్తనిదే కావాల."

అలాంటి విత్తనం అడిగేవాడు రైతు కాడు, గూఢచారే. బస్తాల వెనక తలుపు తెరుచుకుంది.

మేడ మీద గదిలో చీఫ్ సుబ్బలక్ష్మి ఉంది. చూసినవాళ్లు లెక్కల టీచరనుకుంటారు. ఆమె మాటలు కూడా మార్కులు వేసినట్టే ఉంటాయి. బల్ల మీద యోబు జేబులోని సీసా. దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద సీబీడీ అని మూడక్షరాలు.

యెషయా దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"టార్గెట్ గ్రీన్ హాలో. విదేశీ ముఠా," అంది సుబ్బలక్ష్మి. "ఇక్కడ వాళ్ల ముఖం డాక్టర్ ఫిలిప్. లండన్‌లో పుట్టి పెరిగినట్టు పాస్‌పోర్టు. శుక్రవారం ఉదయం పదికి ఆళ్లగడ్డలో వెల్‌నెస్ క్యాంపు."

"వెల్‌నెస్ కాదు మేడమ్. వలనెస్."

ఆమె నవ్వలేదు. పన్నెండేళ్ల సర్వీసులో యెషయా జోకుకు ఆమె ముఖం ఒక్కసారి విచ్చుకుంది. అది పన్నొప్పి అని తర్వాత తేలింది.

బోర్డు మీద ఒక తాళం బొమ్మ గీసి బ్రీఫింగ్ మొదలుపెట్టింది. గంజాయి మొక్కలో రసాయనాలు చాలా ఉంటాయి. వాటిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. సీబీడీ మత్తెక్కించదు. మన ఒంట్లో కణాల మీద రిసెప్టర్లనే తాళాలున్నాయి. మెదడులో ఎక్కువగా సీబీ వన్, రోగాలతో పోరాడే కణాల్లో సీబీ టూ. నొప్పినీ నిద్రనూ ఆకలినీ బెదురునూ సర్దుకోవడానికి ఆ తాళాలకు సరిపడే చెవుల్ని ఒళ్లే తయారు చేసుకుంటుంది. టీహెచ్‌సీ దొంగచెవిలా సరాసరి దూరిపోతుంది. సీబీడీ అలా దూరదు. పక్కన నిలబడి తాళాన్ని కాస్త బిగిస్తుంది, ఒంట్లో పుట్టిన చెవులు తొందరగా అరిగిపోకుండా చూస్తుందంటారు. అది చేసే పని మొత్తం ఎవరికీ పూర్తిగా తెలియదు.

"మత్తు లేదు, మహత్తు ఉందన్నమాట," అన్నాడు యెషయా.

"కొంచెం. శుద్ధి చేసిన మందుగా ఇస్తే, పిల్లలకొచ్చే కొన్ని అరుదైన మూర్ఛల్లో పనిచేస్తుందని రుజువుంది. అది కూడా డాక్టర్ కొలిచిన మోతాదులో, వాడుతున్న మాత్రలకు తోడుగా. మాత్రలకు బదులుగా కాదు. నొప్పికీ నిద్రకూ రుజువులింకా పల్చన. పైగా లివర్‌కు పని. వేరే మందుల్ని కరిగించే ఎంజైముల్నే ఇది కూడా పట్టుకుంటుంది. అప్పుడు ఆ మందులు ఒంట్లో పేరుకుంటాయి. మూర్ఛ మాత్రలు పేరుకుంటే తూలుడు, రక్తం పల్చబరిచేవి పేరుకుంటే రక్తస్రావం."

లివర్‌కు లీవుండదు పాపం అనే మాట యెషయా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. గదిలో ఎక్కడో తాళంచెవుల గుత్తి గలగలమంది. గదిలో గుత్తి లేదు. సుబ్బలక్ష్మికి వినపడలేదు. ఆరేళ్లుగా అది అతనికి ఒక్కడికే వినపడుతోంది.

ఆరేళ్ల కిందట గోవా మిషన్ నుంచి ఇంటికొస్తూ తమ్ముడు ఎజ్రాకు ఇలాంటి సీసా ఒకటి తెచ్చాడు. ఎజ్రాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. మొక్క నుంచి తీసింది, ఏమీ కాదులేరా అని చెప్పాడు. సీసాలో ఉన్నది నిజమైన సీబీడీయే. కానీ అన్న తెచ్చిన మందుందన్న ధైర్యంతో ఎజ్రా మాత్రలు మానేశాడు. నాలుగో రోజు పొద్దున గోస్పాడులో, అన్న కళ్ల ముందే పడిపోయాడు. ఆ ప్రాంతంలో అందరూ చేసేదే యెషయా కూడా చేశాడు. నడుముకున్న ఇనుప తాళంచెవుల గుత్తి లాగి తమ్ముడి పిడికిట్లో పెట్టి, గట్టిగా మూసి పట్టుకున్నాడు. వెల్లకిలా ఉన్నవాణ్ని పక్కకు తిప్పాలని తెలియదు. అంతా అయిపోయాక పిడికిలి విప్పితే అరచేతిలో తాళంచెవి పళ్ల ముద్ర ఉంది.

అప్పటి నుంచి యెషయా జేబులో తాళంచెవి ఉండదు. ఇంటి తలుపుకు అంకెల తాళం. గూఢచారికి గూడూ ఉండదు, చారూ ఉండదు అని తన మీద తానే జోకు వేసుకునేవాడు. ఆ మధ్య అదీ మానేశాడు.

సుబ్బలక్ష్మి ముగించింది. "ఈ సీసాలో సీబీడీ లేనే లేదు. ల్యాబులో పుట్టిన సింథటిక్. తాళంలో దూరి లోపలే విరిగే చెవి. మొదటి గంట హాయి, ఆ తర్వాత ప్రాణం. మూర్ఛ ఉన్న పాపకు స్టేజీ మీద చుక్కలేసి వీడియో తీస్తారు. అది చూపించి మూడు రాష్ట్రాల్లో అమ్ముతారు. శుక్రవారం పదకొండుకు లారీ బయల్దేరుతుంది. సరుకు ఏ గోడౌన్‌లో ఉందో తెలీదు. తెలిసేదాకా నువ్వు బయటపడొద్దు. ఇది ఆర్డర్."

లోపలి మనిషి పేరు సబా. తండ్రి అబ్దుల్ రహిమాన్‌కు నంద్యాలలో అత్తరు కొట్టు. గ్రీన్ హాలో ప్రచారమంతా ఆమె ముఖం మీదే నడుస్తోంది. కాటుక కళ్లు, ఎర్ర స్కూటీ. చుక్కలమ్మే చుక్క. జీతం రెండు వైపుల నుంచీ తీసుకుంటోంది. యెషయా కొట్లోకి వెళ్లి మల్లె అత్తరు వాసన చూస్తుంటే, ఆమె సీసాలు సర్దుతూనే చెప్పింది. గోడౌన్ తాళంచెవి ఫిలిప్ దగ్గరే ఉంటుంది. గుత్తి ఎవరికీ చూపించడు, పడుకున్నా జేబులోనే.

"నిన్ను నమ్మొచ్చా సబా?"

"అది నన్నడిగితే ఎట్లన్నా. పొద్దున ఒక జవాబొస్తాది, సాయంత్రం ఒకటొస్తాది." అత్తరు పూసిన దూది అతని చేతిలో పెట్టింది. "యోబన్న బస్సెక్కేముందు నాకు సలాం చెప్పి పోయినాడు. అది మాత్రం రెండు పూటలా గుర్తొస్తాంది."

శుక్రవారం ఆళ్లగడ్డలో చలి ఇంకా వదల్లేదు. యెషయా గడ్డం అతికించుకొని, తలపాగా చుట్టి, ఒంటి నిండా రాతిపొడి చల్లుకొని, శిల్పి వేషంలో దిగాడు. ఆళ్లగడ్డకు గడ్డంతో రావడం మర్యాద అనుకున్నాడు. ఆ జోకు కూడా లోపలే ఉండిపోయింది.

క్యాంపు శిల్పాల షెడ్డు ముందు ఆవరణలో పెట్టారు. షామియానా చుట్టూ సగం చెక్కిన విగ్రహాలు. దేవతలున్నారు, నాయకులున్నారు, ఎవరిదో తాత ఉన్నాడు. కళ్లు చివర్న చెక్కుతారు కాబట్టి ఒక్కరికీ కళ్లు లేవు. అయినా అందరూ తననే చూస్తున్నట్టనిపించింది యెషయాకు. ఒక మూల నిలబడ్డ సన్నటి విగ్రహం భుజాలు ఎజ్రా భుజాల్లా కొంచెం ఎడమకు వాలి ఉన్నాయి. అటు చూడకూడదనుకున్నాడు. మూడుసార్లు చూశాడు.

చర్చి మనుషులు చాలామంది వచ్చారు. ముందు వరుసలో అవుకు నుంచి వచ్చిన టీచర్ కృపావతి, ఆమె ఒళ్లో తొమ్మిదేళ్ల కూతురు బ్లెస్సీ. స్టేజీ ఎక్కాల్సిన పాప ఆమే. యెషయా మంచినీళ్లు ఇచ్చే వంకతో పక్కన కూర్చొని, పాపకు మందులేం వాడుతున్నారని అడిగాడు.

"బుధవారం నుంచి మాత్రలు ఆపినామన్నా. రెండూ కలిస్తే పడదంట. డాక్టర్ గారే ఫోన్‌లో చెప్పినాడు."

గలగల మళ్లీ వినిపించింది. ఈసారి చాలా దగ్గర్లో.

"ఆపకూడదమ్మా. మాత్ర ఉండాదా నీ దగ్గర? ఇప్పుడే ఏయ్."

"ఇంటికాడ పెట్టొచ్చినా," అంది కృపావతి. రాళ్లు చెక్కేవాడికి ఇవన్నీ ఎట్లా తెలుసన్నట్టు చూసింది.

స్టేజీ మీద డాక్టర్ ఫిలిప్ మొదలెట్టాడు. తెల్ల కోటు, బంగారు ఫ్రేము, లండన్ యాస. ఆళ్లగడ్డను ఆల్లగడ్డ అన్నాడు. తాళాలు, చెవులు, మెదడు, లివర్, అంతా సుబ్బలక్ష్మి చెప్పినట్టే చెప్పాడు. వాడు చెప్పేదాంట్లో నూటికి తొంభై తొమ్మిది నిజం. చివర్న మాత్రం నవ్వుతూ, ఇక మాత్రలన్నీ కిటికీలోంచి పారేయండి అన్నాడు. యోబును చంపింది సీసా. ఎజ్రాను చంపింది అలాంటి ఒక్క మాట, ఏమీ కాదులేరా అన్నది. అప్పుడు దాన్ని పలికింది ఫిలిప్ కాదు.

సబా సీసాల్లో ఒకసారి ముంచిన డ్రాపర్లున్న ట్రే పట్టుకొని దగ్గరగా నడిచింది, కావాలనే. యెషయా జేబులోని పెన్ను కొసను ఒక డ్రాపర్‌కు తాకించాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లిచ్చిన పెన్ను అది. నీలంగా మారితే సీబీడీ. ఎర్రగా మారితే యోబు.

ఎర్రగా మారింది.

పది నలభై. గోడౌన్ సంగతి ఇంకా తేలలేదు. ఫిలిప్ బ్లెస్సీని స్టేజీ మీదకు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. కెమెరా తిరుగుతోంది. సబా డ్రాపర్ నింపి పాప పెదాల దగ్గరికి తెచ్చింది. తొమ్మిది చుక్కలు.

ఆర్డర్ ప్రకారం యెషయా కదలకూడదు. కదిలితే ఫిలిప్ మాయమవుతాడు, లారీ వెళ్లిపోతుంది, ఇలాంటి పిల్లలు ఇంకెంతమందో. కదలకపోతే ఈ ఒక్క పిల్ల. మూలనున్న విగ్రహం వైపు నాలుగోసారి చూశాడు. లేచాడు.

"ఆపు."

గడ్డం సగం ఊడి వేలాడుతోంది. డ్రాపర్ కొసన చుక్క ఒకటి వేలాడుతూ నిలిచింది. సబా అతని వైపు చూసింది, ఫిలిప్ వైపు చూసింది. చేయి పక్కకు తిప్పి నొక్కింది. తొమ్మిది చుక్కలూ రాతిపొడిలో ఇంకాయి.

అదే క్షణంలో బ్లెస్సీ కళ్లు పైకి తిరిగాయి. కుర్చీలోంచి జారి పడిపోయింది. రెండు రోజుల మాత్రలు లేని ఒళ్లు విల్లులా వంగి కొట్టుకోసాగింది.

"ఇనుము. చేతిలో ఇనుము పెట్టండి," అన్నారెవరో. అందరి చేతులూ నడుముల మీదికి, జేబుల్లోకి పోయాయి. యాభై గుత్తులు ఒక్కసారిగా గలగలలాడాయి. ఆరేళ్లుగా ఒక్కడే విన్న చప్పుడు ఊరంతా వింటోంది. యెషయా కాళ్లు రాయైపోయాయి.

అందరికంటే ముందు పాప దగ్గరికి చేరిన చేయి తెల్ల కోటుది. డాక్టర్ ఫిలిప్ మోకాళ్ల మీద కూలబడి, ప్యాంటు జేబులోంచి గుత్తి లాగి, బ్లెస్సీ పిడికిట్లో పెట్టి, తన రెండు చేతులతో మూసి పట్టుకున్నాడు. లండన్‌లో ఏ డాక్టరూ చేయని పని. ఈ జిల్లాలోని కొలిమిగుండ్ల చుట్టుపక్కల ఏ అన్నయినా చేసే పని.

యెషయా కాళ్లకు ప్రాణమొచ్చింది. ఫిలిప్‌ను పక్కకు తోసి, పాపను ఎడమ పక్కకు తిప్పాడు. తల కింద తన తలపాగా పెట్టాడు. నోట్లో ఏమీ పెట్టొద్దని, గట్టిగా అదిమి పట్టుకోవద్దని, గాలి రానివ్వమని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాడు. సబాను అంబులెన్స్‌కు ఫోన్ చేయమన్నాడు. వాచీ చూస్తూ లెక్కపెట్టాడు. యాభై సెకన్లు. డెబ్భై. వంద. ప్రతి అంకెకూ లోపల ఎజ్రా అని వినపడుతోంది. నూట ముప్పైకి ఒళ్లు మెత్తబడింది. పాప పెద్దగా ఊపిరి తీసుకుంది.

బిగుసుకున్న పిడికిట్లోంచి ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. దాని మీద పద్నాలుగు అంకె, పాణ్యం రోడ్డు గిడ్డంగి పేరు.

యెషయా చెవిలోని ఇయర్‌పీస్‌లో చెప్పాడు. "పాణ్యం రోడ్డు. పద్నాలుగు."

ఫిలిప్ అప్పుడు తేరుకున్నాడు. తన ఖాళీ అరచేయి చూసుకున్నాడు. వంగి పాప వేళ్లు విప్పబోతూ, యాస సంగతి మర్చిపోయాడు. "నా బీగంచెవులు ఇయ్యండప్పా. బేగా పోవాల నేను."

"లండన్‌లో కూడా బేగానే పోతారా డాక్టర్?" అంది సబా. ఆమె చేతిలో ఈసారి డ్రాపర్ లేదు, పిస్టల్ ఉంది. ఎవరిచ్చారో రెండు వైపులా ఇంకా తేల్చుకోలేదు.

పాణ్యం రోడ్డులో సుబ్బలక్ష్మి మనుషులు పద్నాలుగో నంబరు గోడౌన్ చేరేసరికి పది యాభై తొమ్మిది. ఫిలిప్ రాత్రే తాళం తీసి ఎక్కించిన ఆరు వేల సీసాలు వాకిట్లో లారీలో ఉన్నాయి. డ్రైవర్ ఇంజను స్టార్టు చేసి, టీ గ్లాసు తిరిగిచ్చేందుకు మాత్రం దిగాడు. ఆ గ్లాసే మూడు రాష్ట్రాలను కాపాడింది.

జీపులో ఫిలిప్ బేడీలతో కూర్చున్నాడు. కళ్లజోడు లేకుండా మామూలు మనిషిలా ఉన్నాడు. యెషయా ఒక్కటే అడిగాడు.

"గుత్తి ఎందుకిచ్చినావప్పా?"

ఫిలిప్ బయటికి చూశాడు. కళ్లు లేని విగ్రహాలు వెనక్కి పోతున్నాయి.

"మా చెల్లికి వచ్చేది," అన్నాడు. "నేనే పెట్టేవాణ్ని. చెయ్యి దానంతటదే పోయింది."

"పనిచేసిందా ఎప్పుడైనా?"

"లేదు. నీకు?"



ఆస్పత్రిలో బ్లెస్సీకి మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. సాయంత్రానికి లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. కృపావతి యెషయాకు దండం పెట్టబోతే, దండం వద్దమ్మా, మాత్రలు మాత్రం ఆపొద్దు అన్నాడు. అప్పటిదాకా పాప గుత్తి వదల్లేదు. ముఖ్యమైన సాక్ష్యాన్ని సీజ్ చేయడానికి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు మంచం పక్కన నాలుగు గంటలు కాచుకున్నారు. పాపే వేళ్లు విప్పి గుత్తి యెషయా అరచేతిలో పెట్టినప్పుడు అది వెచ్చగా ఉంది. ఆరేళ్ల తర్వాత అతను ముట్టుకున్న మొదటి తాళంచెవి. గలగల వినపడలేదు. వినపడుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు.

రిపోర్టులో, వాడిన పరికరాలు అన్న గడిలో అతను ఇలా రాశాడు: ఇనుప తాళంచెవుల గుత్తి ఒకటి. మూర్ఛకు పనిచేయదు. డాక్టరుకు పనిచేసింది.

అది చదివి సుబ్బలక్ష్మి ముఖం విచ్చుకుందట. పన్నొప్పేనా అని డిపార్ట్‌మెంట్ విచారణ జరుపుతోంది.