ఏ పుస్తకమూ మార్చని పేజీ

జీడిపప్పు పొట్టు ఒలిచే పని మాత్రం ఇంకా మనుషులదే. యంత్రాలు పప్పును ముక్కలు చేసేస్తుంటే పలాస యజమానులు చేతులెత్తేశారు. ఆ మధ్యాహ్నం షెడ్డులో ఏడుగురు ఆడవాళ్లు ఒలుస్తుంటే, దాలమ్మ ఎప్పటిలాగే నవల చదివి వినిపిస్తోంది. గొంతులో ఓపిక లేదు. మొగుడు జోగారావు చెయ్యి చేసుకున్నాక నాలుగు రోజులుగా చెల్లెలింట్లో ఉంటోంది. సాయంత్రం వచ్చి తీసుకుపోతానని కబురు పెట్టాడు. వెళ్లాలో వద్దో ఆమెకు తేలడం లేదు.

చేతిలోది ఒదుగుపుస్తకం. ఇంటికొకటి ఉంటుంది. ఇంటి మగవాడు తనకు గిట్టనివేవో ఒకసారి చెబితే చాలు, ఏ కథైనా వాటిని తీసేసుకుని ఆ ఇంటికి తగ్గట్టు ఒదిగిపోతుంది. చదివి ఎవరూ తగువులాడుకోకూడదని చేసిన ఏర్పాటు. నలుగురూ కూర్చుని ఒక్క కథే వింటారని మాత్రం చేసినవాళ్లకు తట్టలేదు.

నవలలో నాయిక వారిజ మొగుడి ఇల్లు విడిచి వెళ్లింది. అక్కడ దాలమ్మ పుస్తకం ఛార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. తవిటమ్మ తన పుస్తకం అందించింది. దాలమ్మ నాలుగు పేజీలు చదివి ఆగింది.

"ఇదేటే? మొగుడు ఏడిస్తే వచ్చీసినాదా? మొన్న నాను ముందే సదివీసినాను, మాయింట్ల బిడ్డకి జొరమని వచ్చినాది."

"మాయింట్ల అత్త కాళ్లట్టుకుంటే వచ్చినాది," అంది సూరీడమ్మ.

అందరూ సంచుల్లోంచి పుస్తకాలు తీశారు. ప్రతి ఇంట్లోనూ వారిజ తిరిగొచ్చింది, ఇంటికో కారణంతో. నవ్వుకున్నారు. దాలమ్మకు నవ్వు రాలేదు. వెళ్లిపోయిన పేజీ కూడా వరసగా తీయించి చూసింది. చారులో ఉప్పు లేదని మొగుడు వారిజను పదిమందిలో చెంప మీద కొట్టాడు, అందుకే వెళ్లింది. అన్నిట్లో అదే మాట, అక్షరం తేడా లేదు.

"ఇదెందుకు మారలేదే?" అంది తవిటమ్మ.

"కొట్టడం తప్పని మన మొగోళ్లెవులికీ తోచనేదు. గిట్టదని చెప్తే గదా మారీది," అంది దాలమ్మ.



సాయంత్రం గేటు దగ్గర జోగారావు బండి మీదే కూర్చుని ఉన్నాడు.

"పద. అయినా నానేటి చేసినానని అలిగినావు?"

అతని ముఖంలో నటన లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా సిగ్గుపడి ఉంటాడని దాలమ్మ అనుకుంది. ఆ ఆశే ఆమెను ఇంటివైపు లాగుతూ వచ్చింది. ఇప్పుడు కోపం కూడా రాలేదు, ఒట్టి అలసట.

"ఏటీ చెయ్యనేదు," అంది. "నువ్వెల్లు."

అతను బండి తీసేదాకా అక్కడే నిలబడి, తర్వాత చెల్లెలింటి దారి పట్టింది.