ఒక తుమ్ము బాకీ

దేవుడు ఏదీ ఊరికే చేయడని మా అమ్మ అనేది. రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేవాణ్ణే గానీ, చిన్నప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదల్లేదు. ఇంత చక్కని ముఖం చేసి, నట్టనడుమ ముక్కు పెట్టి, అందులో చీమిడి ఎందుకు పోసినట్టు?

నూలు మిల్లులో దూది బేళ్లు విప్పే గదిలో నా పని. అక్కడ పీచు ఎగురుతూనే ఉంటుంది, నా ముక్కు కారుతూనే ఉంటుంది. అందరూ నన్ను ‘కుళాయి’ అనేవారు. అమ్మ పోయాక ఇంట్లో ఒక్కణ్ణే మిగిలాను. తుమ్మితే “చిరంజీవ” అనేవారు లేరు. అయినా తుమ్మాక, అలవాటు చొప్పున ఒక్క క్షణం ఆగేవాణ్ణి. గడియారం చప్పుడు వినబడేది.

మిల్లు డిస్పెన్సరీకి కొత్త నర్సు వచ్చిన రోజే నా వేలు తెగింది. ఆమె కట్టు కడుతుంటే, సరిగ్గా ఆమె రిజిస్టరు మీద తుమ్మాను.

“చిరంజీవ,” అంది తలెత్తకుండా.

మూడేళ్ల తర్వాత విన్న మాట. ఇంతలో నా చొక్కా మీది పీచుకు ఆమె కూడా తుమ్మింది. నేను సిగ్గుపడి, కట్టు సగంలో ఉండగానే పారిపోయాను.

మర్నాడు గేటు దగ్గర ఆపింది.

“ఏమండీ కుళాయిగారూ, నాకో చిరంజీవ బాకీ ఉన్నారు.”

“ఇప్పుడనమంటారా?”

“ఇప్పుడంటే చెల్లదు. మళ్లీ తుమ్మినప్పుడే.”

ఆమె ముందు ముక్కు తుడుచుకుంటూ నిలబడటం ఇష్టం లేక, జలుబు ఆరిపోయే మాత్రలు మింగాను. అవి చాలవని రోజుకు నాలుగుసార్లు సబ్బునీళ్లతో ముక్కు లోపల కడిగాను. వారం తిరిగేసరికి లోపలంతా పగిలి, పుండై, జ్వరంతో డిస్పెన్సరీకి వెళ్లి ఉన్నదంతా చెప్పాను.

“ఎవరు చెప్పారండీ ఈ వైద్యం?” అంది నర్సు.

“సొంత తెలివే.”

“తెలుస్తూనే ఉంది. ఆ జిగురు మురికి కాదండీ, కాపలా. దుమ్మూ క్రిములూ దానికి అంటుకుంటాయి. లోపల కంటికి ఆనని వెంట్రుకలు దాన్ని గొంతులోకి నెట్టేస్తాయి. మింగితే, కడుపులో ఆమ్లం క్రిముల పని పడుతుంది. మీరేమో కాపలావాణ్ణి తరిమేసి, గోడకు బీటలు కూడా పెట్టుకున్నారు.”

“మరి కన్నీళ్లు?”

“అవీ క్రిముల్ని చంపేవే. ఎందుకు?”

“ఆ కాపలా నాకు కాస్త ఎక్కువేలెండి.”

ఆమె నవ్వలేదు. మందు చీటీ రాస్తూ, “ఇంట్లో ఎవరుంటారు?” అంది.

“గడియారం.”

నా సందేహం తీరింది గానీ, ఆమెది మూడు నెలల ఉద్యోగమేనని అప్పుడే తెలిసింది. ఆ మూడు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా నా ఎదుట తుమ్మలేదు.

ఆఖరి రోజు వెళ్లేసరికి బీరువా సర్దుతోంది.

“బాకీ ఎగ్గొట్టినట్టేగా,” అంది.

“మీరు వెళ్లేచోట, తుమ్మితే అనేవాళ్లు ఉన్నారా?”

చేతులు ఆగాయి. “హాస్టల్లో గదికి ఒక్కరమే.”

దారి పొడుగునా వల్లెవేసుకున్నదంతా మరిచిపోయాను. “అయితే ఇద్దరం ఒకే ఇంట్లో తుమ్ముకుంటే పోలా?”

“పెళ్లి మాట ఇలా ఎవరైనా అడుగుతారా అండీ?”

“నాకు ఇలాగే వచ్చింది.”

చేతిలోని సీసా బీరువాలో పెట్టింది. “మా అన్నయ్యతో మాట్లాడండి. ఈ తుమ్ముల సంగతి మాత్రం ఎత్తకండి.”

అని, పైఅరలోంచి పాత రిజిస్టరు లాగింది. ఏళ్లనాటి దుమ్ము ముఖాన పడింది. తుమ్మింది. తుమ్మి, ఒక్క క్షణం ఆగింది.

“చిరంజీవ,” అన్నాను.