చినబాబు వదలని మేగజైన్

కాలవగట్టు మీది పోలీసు లైన్లలో, ఆయుధాల గది దగ్గర రాత్రి కాపలా పడిందంటే ఎంతటి మొనగాడికైనా ఏదో ఒక జ్వరం వచ్చేసేది. పోలీసులకి దెయ్యాల భయమేంటండీ అనకండి. ఖాకీ చొక్కా లోపల ఉండేదీ మనలాంటి గుండే.

ఆ గదిలో చినబాబు ఉన్నాడని చెప్పుకునేవారు. ఓ అధికారికి గన్‌మాన్‌గా ఉంటూ, మూడేళ్ల కిందటి వరదల్లో లంక జనాన్ని పడవలో దాటిస్తూ గోదాట్లో పోయాడు. మూడో రోజు దొరికాడు... నడుముకి పిస్టల్‌తో సహా. దాన్ని కడిగి, నూనె పెట్టి, ఆ గదిలోనే ఉంచారు.

ఈ దసరా దాకా అది బాగానే పనిచేసింది. ఆ తర్వాతే మొదలైంది — బటన్ నొక్కగానే పిడిలోంచి జారి చేతిలో పడాల్సిన తూటాల మేగజైన్, లోపల ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోవడం. బలంగా లాగితేగాని రాదు. "చినబాబు వదలట్లేదురా" అన్నాడొకడు. అంతే, ఆ గదిలో ఎలక కదిలినా చినబాబే!

అందరూ తప్పించుకునే ఆ కాపలాని అడిగి మరీ వేయించుకునేది ఒక్కతే... సత్యవాణి. చినబాబు భార్య. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద కానిస్టేబుల్ అయింది. ఆమెకి భయం లేదు. ఉన్నాడేమోనని ఆశ.

ఆ రాత్రి, మర్నాటి తనిఖీ కోసం ఆయుధాలు సరిచూస్తున్న ఐజాక్ గారు ఆ పిస్టల్ బల్ల మీద పెట్టారు. తుపాకుల మరమ్మతులో ముప్పయ్యేళ్ల చెయ్యి ఆయనది. తూటాల్లేవని రెండుసార్లు చూసుకుని బటన్ నొక్కారు.

పడలేదు.

గుమ్మంలో ఉన్న సత్యవాణి రెండడుగులు లోపలికొచ్చింది. "ఆయనేనాండి?" అంది, పెదవి కదిలీ కదలకుండా.

ఐజాక్ గారు మేగజైన్ లాగి ఇంకో పిస్టల్‌లో పెట్టి నొక్కారు — టక్కున జారింది. వేరే మేగజైన్ తెచ్చి దీంట్లో పెట్టారు — ఇరుక్కుంది.

"తప్పు మేగజైన్‌ది కాదమ్మా. దీని పిడి లోపలే ఏదో ఉంది."

"ఏదో కాదండి..." అందామె. "రోజూ మాట్లాడతానండి. ఆయన వింటారు."

కరెంటు ఓసారి పోయి వచ్చింది. ఐజాక్ గారు మనసులో ప్రార్థన చేసుకుని, పిడికి రెండు పక్కలా ఉన్న చెక్కల మరలు విప్పారు. టార్చి వేసి, సన్నటి పుల్లతో లోపల గీకారు... తెల్ల గుడ్డ మీద పచ్చటి పెళ్లలు రాలాయి. ఎండి గట్టిపడిన పసుపూ గంధం. మధ్యమధ్య కుంకం.

"ఆయుధ పూజ నాడు అన్నిటికీ పైపైన బొట్టు పెడతారు. దీనికి లోపలంతా ఎవరు పూశారమ్మా?"

సత్యవాణి గోడకి చేరగిలబడింది. ఆ రోజు లైన్లలో ఆడవాళ్లందర్నీ పూజకి పిలిచారు; మొగుడు పోయిన మనిషని ఆమెని పిలవలేదు. ఆ రాత్రి కాపలాలో ఒక్కతే ఉండి, ఆయన పిస్టల్ మేగజైన్ తీసి, పైన పూస్తే ఎవరి కంటైనా పడుతుందని... వేలు పట్టినంత మేర లోపలే పూసింది.

"నేనేనండి," అంది.

ఐజాక్ గారు కళ్లు తుడుచుకున్నారు. ఏం చేస్తారు, పని పనే కదా. లోపలంతా నూనె గుడ్డతో తుడిచి, చెక్కలు బిగించి, మేగజైన్ పెట్టి, పిస్టల్ ఆమె చేతికే ఇచ్చారు. "నువ్వే నొక్కు తల్లీ."

చాలాసేపు నొక్కలేదు. తర్వాత నొక్కింది. మేగజైన్ ఏ అడ్డూ లేకుండా జారి ఆమె అరచేతిలో పడింది.

మూడేళ్లుగా ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, దాన్ని గుండెకి హత్తుకుని, "పోయారండి... ఆయన నిజంగానే పోయారండి" అని భోరుమంది.