లెక్కలోకి రాని గది

కన్నడ సరిహద్దున, రాయచెర్లు దారిలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. దాని వెనక సామాన్ల గది. పొద్దు మునిగితే ఆ దిక్కు ఎవరూ పోరు. గోడకు చెయ్యి ఆనిస్తే మనిషి ఒంటికి మల్లే వెచ్చగా ఉంటుందంట. లోపల ఎవరో గోటితో గీకుతారంట…

ఇది నేను చూసింది కాదు, ఉమేశ్ చెప్పగా విన్నది. ఆ రాత్రి నేనూ ఆడే ఉన్నా గానీ, చూసే స్థితిలో లేను. నా ధైర్యం సంగతి అడగొద్దు— పిల్లి తుమ్మితే దుప్పటి కప్పుకొనే రకం.

ఉమేశ్ బెంగళూరు నుంచి వచ్చిన లెక్కల మనిషి. హాస్టల్‌కు ఎండ వేడిని ఆపే చల్లటి పైకప్పు వేస్తే ఎంత కరెంటు మిగుల్తుందో కంప్యూటర్లో లెక్కకట్టి చూపాలి. ఎవరూ వాడని గదులు వదిలేసి, వాటి తలుపులకు కన్నడంలో చీటీలు అంటించినాడు— ‘ఈ గది లెక్కలోకి రాదు.’

కానీ మీటరు ఆయన లెక్క కన్నా ఎక్కువ చూపిస్తోంది. తెల్లారేలోగా రెండూ కలవకపోతే ఆ కప్పు వేరే ఊరికి పోతుంది. పిల్లలేమో ఉక్కకు తాళలేక మిద్దె మీద పడుకొంటున్నారు.

ఆ రాత్రి ఉమేశ్ గదుల్లో స్విచ్చులన్నీ ఆర్పినాడు. అంతా చీకటి. మీటరు దగ్గరికి వచ్చి చూస్తే—

ఎర్ర లైటు కొట్టుకొంటోంది. టిక్… టిక్… టిక్…

టార్చి పట్టుకొని వెనక్కి పోయినాడు. గోడ తాకినాడు. వెచ్చగా ఉంది. తలుపు కింద పసుప్పచ్చ వెలుతురు. లోపల… గీకుడు.

భుజం మీద చెయ్యి పడింది.

“అరవొద్దప్పా,” చెవిలో ఎవరో గుసగుసలాడినారు. “పుట్టే టైము.”

వంటామె కదిరమ్మ. తలుపు తీసింది. నాలుగు బల్బుల కింద వరిపొట్టు గంప. గంపలో గుడ్లు. ఒక గుడ్డులోంచి ముక్కు బయటికొచ్చి ఉంది.

“పెట్టను నక్క ఎత్తుకొని పోయినాది. ఇంగ పొదిగేది ఎవురు?”

“కరెంటు కాలుతుంది కదక్కా?”

“చీటీ అంటించింది నువ్వే కదప్పా. లెక్కలోకి రాని గదిలో కాలే కరెంటు లెక్కలోకి యాడొస్తాది?”

ఉమేశ్ కంప్యూటరూ ఇన్నాళ్లు అదే నమ్మింది మరి.

బల్బులు ఒక్క నిమిషం ఆర్పి మీటరు చూసినారు. నిదానంగా… ఇంకా కొట్టుకొంటోంది.

కదిరమ్మ దగ్గరికి జరిగింది. “ఇంకో చీటీ యాడ అంటించినావు?”

“మెట్ల కింద గదికి…”

మెట్ల కింద నుంచి ఊపిరి. గుర్ర్ర్… మని పెద్ద ఊపిరి. కదిరమ్మ చీపురు ఎత్తింది. ఉమేశ్ కళ్లు మూసుకొని తలుపు తోసినాడు.

లోపల ఫ్యాను పెట్టుకొని, నోరు తెరుచుకొని పడుకొన్నది— నేనే. ఆ హాస్టల్ వాచ్‌మన్‌ని.

“దెయ్యమనుకొంటిమి కదా కొల్లప్పా,” కదిరమ్మ చీపురు దించింది. “దెయ్యమన్నా రాత్రిపూట మేలుకొని ఉంటాది.”

తెల్లారేసరికి లెక్క కలిసింది. రిపోర్టులో కొత్తగా రెండు వరుసలు: సామాన్ల గది— నాలుగు బల్బులు, పదకొండు గుడ్లు. మెట్ల కింద— ఒక ఫ్యాను, ఒక మనిషి, రాత్రి పది నుంచి తెల్లారేదాకా నిద్ర.

ఆ రిపోర్టు మా పైఆఫీసర్ కూడా చదివినాడు.

చల్లటి కప్పు వేసినారు. పిల్లలు ఇప్పుడు లోపలే హాయిగా పడుకొంటున్నారు. నేను బయట… మేలుకొని.