రెండు వేళ్ల పలకరింపు

ఆర్లో నడుపుతున్న పికప్ ట్రక్కు ఆగలేదు.

పసుపుపచ్చ స్కూలు బస్సు మీద ఎర్ర లైట్లు వెలిగి ఆరుతున్నాయి. పక్కనుంచి స్టాప్ బోర్డు బయటికి చాచుకుని ఉంది. అది చాచితే రెండు వైపులా బళ్లు ఆగి తీరాలి. కిరాణా కొట్టు వైపు నుంచి బస్సెక్కడానికి వస్తున్న ఆరేళ్ల మిల్లీ అప్పుడే ఒక కాలు రోడ్డు మీద పెట్టింది. డ్రైవరు సీట్లో ఉన్న లెటా అరచేత్తో హారన్ నొక్కిపట్టింది. పిల్ల బెదిరి వెనక్కి గెంతింది. ఎదురుగా వచ్చిన ఆ నీలం పికప్ పిల్లకీ బస్సుకీ మధ్యనుంచి రయ్యిమని దూసుకుపోయింది.

పోతూ పోతూ పలకరించాడు కూడా. స్టీరింగ్ మీదనుంచి రెండు వేళ్లు లేచాయి.

కాన్సస్‌లో ఈ మూల ఎదురొచ్చిన ప్రతి బండికీ అలా రెండు వేళ్లు ఎత్తుతారు. ఎత్తనివాడికి పొగరని చెప్పుకుంటారు. కానీ తన బస్సుకి ఆర్లో ఎత్తే వేళ్లు వేరని లెటా నమ్మింది. ఆ రెండు వేళ్ల కోసమే చలికాలమంతా లిప్‌స్టిక్ వేసుకుని మరీ బస్సెక్కింది. వాటి వెంబడే శుక్రవారం సినిమాలూ, పార్కింగ్‌లో వణుకుతూ పెట్టుకున్న ముద్దులూ వచ్చాయి. ఈ ఆదివారం భోజనానికి వచ్చి నాన్నతో పెళ్లి మాట ఎత్తుతానన్నాడు.

ఇవాళ ఆ వేళ్లు లేచినప్పుడు అతని చూపు ఎక్కడుందో లెటా కళ్లారా చూసింది. అద్దానికి అతికించిన రాడార్ డిటెక్టర్ మీద ఉంది.

విత్తనాలు అమ్ముతూ ఊళ్లు తిరిగే ఆర్లోకి స్పీడు చలాన్లు కొత్త కాదు. ఇంకొక్కటి పడితే లైసెన్సు పోతుంది. అలాగని మహానుభావుడు స్పీడు తగ్గించాడా? పోలీసుల రాడార్‌ని పసిగట్టి కూసే డబ్బా కొనుక్కున్నాడు.

పిల్లల్ని స్కూల్లో దింపగానే లెటా షెరీఫ్‌కి ఫోన్ చేసింది. చెబుతున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం అతను బస్సు షెడ్డుకి వచ్చాడు.

"నాతో ఒక్క మాట చెప్పకుండా షెరీఫ్‌కి చెప్పేశావా?"

"నీ బండి నంబరు నాకు నోటికొచ్చు. రాసుకునే పని కూడా లేకపోయింది."

డబ్బా కూసిందనీ, పోలీసు ఎటున్నాడో చూద్దామని ఒక్క క్షణం అటు తిరిగాననీ చెప్పుకొచ్చాడు. దాంతో లెటాకి ఇంకా మండింది. అది కూసింది పోలీసుని చూసి కాదు, కిరాణా కొట్టు తలుపుల్ని చూసి. మనిషి దగ్గరికొస్తే రాడార్‌తో పసిగట్టి వాటంతటవే తెరుచుకునే తలుపులు కూడా ఆ డబ్బాకి పోలీసులే. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

"పిల్ల రోడ్డు మీదుంటే కూయదది. నేనున్నా కూయదు," అంది. "ఒక్కటి చెప్పు. ఇన్నాళ్లూ నన్ను చూసి ఎత్తావా ఆ వేళ్లు? పచ్చగా ఏదో వస్తోందని ఎత్తావా?"

ఆర్లో చూపు ఆమె వెనకున్న పచ్చటి బస్సు మీదికి జారింది.

"పో," అంది లెటా.

ఆదివారం నాన్న బల్ల మీద ఒక ప్లేటు తక్కువ పెట్టాడు, అంతే.

కోర్టులో ఆర్లో వాదించలేదు. తప్పు నాదే అన్నాడు, లైసెన్సు పోగొట్టుకున్నాడు. గోదాములో బస్తాలు సర్దే పనిలో పడ్డాడు. పొద్దున్నే ఎదురుగాలిలో సైకిలు తొక్కుతూ కనిపించేవాడు. బస్సు ఆగితే సైకిలు దిగి నిలబడేవాడు. పిల్లలు కిటికీల్లోంచి నవ్వేవారు. అతను రెండు వేళ్లు ఎత్తేవాడు. లెటా ఎత్తేది కాదు. తొక్కు నాయనా, బాగా తొక్కు అని పళ్లు నూరేది. లిప్‌స్టిక్ మానేసింది. ఒంట్లో బాలేదా అని మిల్లీ అడిగితే దాని మీదా కసురుకుంది. ఆ తర్వాత అలా కసిరినందుకు తనమీద తనకే కోపమొచ్చింది. ఇంత కోపంలోనూ గాలి ఎక్కువైన రోజున మనిషి కనపడకపోతే మనసు ఊరుకునేది కాదు. అదే అన్నిటికంటే పెద్ద కోపం.

గోధుమ చేలు మోకాలెత్తుకి వచ్చేసరికి అతనికి లైసెన్సు తిరిగొచ్చింది. అదే కిరాణా కొట్టు దగ్గర లెటా బస్సు ఆపి, లైట్లు వేసి, బోర్డు చాచింది. ఎదురుగా నీలం పికప్ వస్తోంది. ఆమె చేయి అప్పుడే హారన్ మీదికి వెళ్లింది.

పికప్ దూరంగానే ఆగిపోయింది.

వేళ్లు మాత్రం లేవలేదు. ఇప్పుడు పొగరు కూడానా అనుకుంది లెటా. తర్వాత సరిగ్గా చూసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. డబ్బా ఉన్నచోట అద్దం మీద గుండ్రటి మరక మిగిలింది. అతని కళ్లు మిల్లీ మీద ఉన్నాయి. పిల్ల రోడ్డు దాటేదాకా, మెట్లెక్కేదాకా, లోపలికొచ్చి కూర్చునేదాకా ఆ చూపు కదల్లేదు. బోర్డు మడుచుకుంది. అప్పుడు ఆ కళ్లు పైకి లేచి లెటా మొహం మీద ఆగాయి. ఆ తర్వాతే, మెల్లగా, రెండు వేళ్లు లేచాయి.

లెటా బస్సుని అతని పక్కదాకా పోనిచ్చి, కిటికీ అద్దం జరిపింది.

"ఆదివారం మధ్యాహ్నం భోజనం. ఆలస్యమైతే అవనీ, తొందరపడి మాత్రం రాకు."

"నెమ్మదిగానే వస్తాను," అన్నాడతను. "నిన్ను చూసుకుంటూ."

"రోడ్డు చూసుకుంటూ రా చాలు."

రెండు వేళ్లు ఎత్తి బస్సు కదిలించింది. మలుపు తిరిగాక పైనున్న అద్దంలో మొహం చూసుకుంది. ఇన్నాళ్లూ పట్టుదలగా మానేసిన లిప్‌స్టిక్ ఇవాళైనా వేసుకు రానందుకు మళ్లీ కోపమొచ్చింది.