పత్యం లేని పసరు

మదనపల్లె టమోటా మార్కెట్లో, క్రేట్ల చాటున, చీఫ్ గోపాలస్వామి గొంతు తగ్గించాడు.

"ఏజెంట్ సైమన్ పొద్దున పోయినాడమ్మా. కండ్లు పసుపుపచ్చ. కుప్పంలో విదేశీ ముఠా ఏదో చెట్టు సారాన్ని స్లిమ్మింగ్ పౌడర్లో కలుపుతాండాది. లివర్ను తినేస్తాది. సాయంత్రం లోడ్ బెంగళూరు పోతాది. లారీ నంబర్ మన ఇంకో ఏజెంట్ ఐజాక్‌కే తెలుసు. వానికీ విషం పెట్టినారు."

"యాడుండాడు సార్?" అంది సుప్రజ.

"పుంగనూరులో, వాళ్లమ్మ దగ్గర." థర్మోస్ ఇచ్చాడు. దాని అడుగు అరలో అసిటైల్‌సిస్టీన్ ఇంజక్షన్లు. "యాంటీ ఆక్సిడెంట్. లివర్‌కు విషంతో కొట్లాడే బలం మళ్లీ ఇస్తాది. ఆడ క్యాథరిన్ ఉంటాది, మన మనిషే. కోడ్: టమోటా రేటెంత? జవాబు: నిన్నటిదే."

నర్సు వేషంలో బస్సెక్కిన సుప్రజకు దారంతా చెడ్డ ఆలోచనలే. బ్రేకులు ఫెయిలైతే? థర్మోస్ పగిలితే? వాడు ఈపాటికే పోయుంటే?

ఐజాక్ మంచం మీద మూలుగుతున్నాడు. పక్కనే పసరు మందిచ్చే ఆమె వేషంలో క్యాథరిన్. ముతక చీరలోనూ సినిమా తారలా ఉంది.

"టమోటా రేటెంత?"

"నిన్నటిదే."

సుప్రజ ఊపిరి పీల్చుకుని థర్మోస్ తెరవబోయింది. ఐజాక్ తల్లి పుష్పమ్మ అడ్డం నిలబడింది.

"పసరు తాగేవానికి సూది పొడిస్తే వికటిస్తాది. బయటికి పో."

"అమ్మ చెప్పింది నిజమే," అంది క్యాథరిన్. చీర చాటు నుంచి పిస్టల్ సుప్రజ నడుముకు ఆనింది. చెవిలో గుసగుస: "కదలొద్దు. కామెర్లకు ఈడ తల్లులు పసరే పోస్తారు. తల్లి చేత్తోనే పోతాడు. ఎవరికీ అనుమానం రాదు."

పుష్పమ్మ పట్టిన పసరు గ్లాసు ఐజాక్ పెదవులకు తగిలింది. అంతలో ఆమెకు ఏదో భయమేసింది.

"పత్యం ఎన్నాళ్లమ్మా? ఉప్పు ఎప్పుడు కలపాల?"

"పత్యమేమీ లేదు. ఊరగాయేసి పెట్టు."

పుష్పమ్మ చెయ్యి ఆగింది.

"ఉప్పు మానమనకుండా పసరిచ్చేదాన్ని నేను యాడా సూడలా. ఎవురే నువ్వు?"

గ్లాసులోని పసరంతా క్యాథరిన్ మొహాన పడింది. సుప్రజ ఆమె మణికట్టు విరిచింది. పిస్టల్ మంచం కిందికి జారింది.

ఇంజక్షన్ విరిస్తే కుళ్లిన గుడ్డు వాసన.

"ఇదీ విషమేనా?" పుష్పమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"దీని వాసనే అంతమ్మా."

"పత్యం?"

సుప్రజ ఒక్క క్షణం ఆలోచించింది. "ఉప్పు, నూనె మానాల."

పుష్పమ్మ పక్కకు జరిగింది.

నర్సు సంచిలోంచి తీసి పెట్టిన డ్రిప్ ఎక్కుతూ ఉండగా, పొద్దు వాలే వేళకు ఐజాక్ పెదవులు కదిలాయి. లారీ నంబర్. రాష్ట్ర సరిహద్దు దాటబోతున్న లారీ ముందు గేటు పడింది.

బేడీలతో క్యాథరిన్‌ను పోలీసులు జీపెక్కిస్తుంటే పుష్పమ్మ వాకిట్లోకి వచ్చింది.

"పసరు ఆయమ్మ నోట్లో కూడా పడిండాదేమో అప్పా. జైల్లో ఉప్పు లేని కూడే పెట్టండి."