ధర్మారావు మట్టి పందేలు

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఆ శనివారం పొద్దున్న వసంతలక్ష్మి ఉప్మా కలుపుతూ, మొగుడి మొహం చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతోంది. చూస్తే కోపం కరిగిపోతుందని భయం. ఇక మైదానం అద్దెకివ్వం పొమ్మని స్టేడియం వాళ్ళు నిన్ననే తేల్చేశారు. ధర్మారావు ట్రక్కు పందేల ముచ్చట తీరిపోయింది.

నాలుగేళ్ళ క్రితం బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, ఫుట్‌బాల్ ఆడే చోట లారీల కొద్దీ మట్టి పోయించి, గుట్టలు కట్టించి, వాటి మీద ట్రక్కుల్ని ఎగిరించాడు మహానుభావుడు. విచిత్రం, జనం విరగబడ్డారు. తెలుగు సంఘం వాళ్ళు శాలువా కూడా కప్పారు. అక్కడితో ఊరుకున్నాడా?

మనవాళ్ళు దేనికైనా ఆలస్యంగానే వస్తారని, మొన్న ఆరింటి పందేనికి టికెట్ల మీద నాలుగని వేయించాడు. అమెరికన్లు నాలుగు కొట్టేసరికి కుర్చీల్లో ఉన్నారు. ఎండలో మట్టిని చూసి చూసి, తిట్టుకుంటూ, స్టేడియం వాళ్ళకి ఫిర్యాదు చేసి వెళ్ళిపోయారు. ట్రక్కులు ఖాళీ కుర్చీల ముందు ఎగిరాయి. మనవాళ్ళు ఎనిమిదింటికి తీరిగ్గా దిగి, భోజనాలెక్కడని అడిగారు. వాళ్ళలో వసంతలక్ష్మి కూడా ఉంది.

సోమవారం నుంచి రెజ్యూమెలు పంపమని ఆవిడ ఆర్డరేసింది. ఆయన తలూపాడు. అయినా ఆవిడకి కడుపుమంట చల్లారలేదు.

"అమెరికన్లు బుద్ధిగా టికెట్లు కొంటుంటే, మనవాళ్ళ కోసం టైమ్ మార్చడమేంటండీ?"

"మనవాళ్ళ కోసం కాదు, నీ కోసం. ఇన్నేళ్ళల్లో ఒక్క రేసూ చూళ్ళేదు నువ్వు. నాలుగంటే ఆరుకైనా వస్తావనుకున్నా."

"ఆ అబద్ధమేదో నా ఒక్కదానికే చెప్పొచ్చుగా."

"టికెట్ మీద చూసుకుంటావుగా మరి."

వసంతలక్ష్మి స్టవ్ కట్టేసింది. ప్రతిసారీ అద్దం ముందు చీర మార్చి మార్చి కట్టింది ఆలస్యం కావాలనే. మీ ఆయనకి ఇంకా ఉద్యోగం దొరకలేదా అని నలుగురూ అడుగుతారని సిగ్గు. ఈయనేమో ఆవిడ చూస్తే చాలని పందేలే పోగొట్టుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. నెపం ఉల్లిపాయల మీదకి నెడదామంటే ఉప్మా ఎప్పుడో అయిపోయింది.

"మట్టి ఇంకా ఉందా?" అంది.

"మధ్యాహ్నం ఎత్తేస్తారు. ట్రక్కు ఒకటుంది గానీ డ్రైవర్ లేడు."

"మీరే డ్రైవ్ చేయండి."

కారు కూడా భయం భయంగా నడిపే మనిషి ధర్మారావు. మాట్లాడేలోపే ఆవిడ తల కూడా దువ్వుకోకుండా కారెక్కి హారన్ కొట్టింది.

అంత పెద్ద స్టేడియంలో ముందు వరసలో ఒక్కతీ కూర్చుంది. ట్రక్కు బర్రుమని మొదటి గుట్ట ఎక్కి, దిగనంటూ అక్కడే మొరాయించింది. ధర్మారావు కిటికీలోంచి తల బయటపెట్టి బిక్కమొహం వేశాడు.

వసంతలక్ష్మి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అరచేతులు మండుతున్నా ఆపలేదు.